సూదిలో దారం ఎక్కుతోంది, చార్టు చివరి వరస కూడా చదివేశాను. అయినా కంటి డాక్టరుకి చూపించుకోవాలా?

కుట్టుమిషన్_ఖమ్మం అడిగారు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

నాకు 43. ఖమ్మంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను, పెళ్ళిళ్ళ రోజుల్లో మగ్గం వర్కు కూడా చేస్తాను. పోయిన దసరా నుంచి సూదిలో దారం ఎక్కించడం గగనమైపోయింది. నల్ల బట్ట మీద నల్ల దారమైతే ఇక చెప్పక్కర్లేదు. పక్కింటి పిల్లని పిలిచి ఒకేసారి పది సూదులకి దారం ఎక్కించి పెట్టుకునేదాన్ని. అది పదో క్లాసు పరీక్షలంటూ రావడం మానేశాక, ఇక తప్పక కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. గడ్డం ఆనించే మిషన్లో రోడ్డు చివర గాలి బెలూన్ బొమ్మ చూపించారు, తర్వాత గోడ మీద అక్షరాలు చదివించారు. చివరి వరస దాకా గడగడా చదివేశాను. దూరం చూపు 6/6, వచ్చింది చత్వారమే, ప్లస్ 1.25 పెట్టుకుంటే చాలన్నారు. నిజంగానే చాలింది. మొదటి పోటుకే దారం ఎక్కింది.

ఇక్కడితో అయిపోతే ఈ పోస్టు రాయాల్సిన పనే లేదు.

మా పెద్దన్నయ్యకి 52. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. ఫిబ్రవరిలో, సరుకు ముమ్మరంగా దిగే రోజుల్లో, బస్తా విప్పుతుంటే కారం ఘాటు కుడి కంట్లో కొట్టింది. ఆ కన్ను గట్టిగా మూసుకుని ఎడమ కంటితోనే కాటా చీటీ రాయబోయాడట. ఎదురుగా నిలబడ్డ రైతు మొహం బాగానే కనిపిస్తోంది. కానీ ఇందాకటి దాకా ఉన్న తలపాగా లేదు. "తలగుడ్డ ఎప్పుడు తీశావయ్యా?" అని అడిగాడట. ఆ రైతుకి అర్థం కాలేదు. తల తడుముకుని, "ఉంది కదయ్యా" అన్నాడట. కుడి కన్ను తెరిస్తే తలపాగా ఉంది. మూస్తే లేదు. అన్నయ్య అలా నాలుగైదుసార్లు కన్ను మూసి తెరిచి చూసుకుని, చీటీ పక్కన పెట్టి, అక్కడే బస్తా మీద కూర్చుండిపోయాడట.

హైదరాబాద్ తీసుకెళ్ళాం. గ్లాకోమా అన్నారు, తెలుగులో నీటికాసులు అంటారట, కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. ఎడమ కంట్లో పైసగం చూపు దాదాపు పోయింది. కుడి కంట్లో ఇప్పుడిప్పుడే మొదలైంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి, చుక్కల మందు జన్మంతా వేసుకోవాలి అన్నారు. విచిత్రం ఏంటంటే, ఆ రోజు చార్టు చదివిస్తే కుడి కంటికి 6/6, ఎడమ కంటికి కూడా ఒక్క వరసే తక్కువ. రెండేళ్ళ కిందట ఇదే అన్నయ్య అద్దాలు మార్పించుకున్నాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు.

మేం తిరిగి వచ్చేముందు డాక్టరుగారు ఒక మాట అన్నారు: "తోబుట్టువులందరినీ తీసుకొచ్చి చూపించండి." మేం నలుగురం. రెండో అన్నయ్య సింగరేణిలో పనిచేస్తాడు, "నాకు చీమ పాకినా కనిపిస్తుంది, పోవే" అంటున్నాడు. అక్క బెంగుళూరులో ఉంది. నేనేమో మొన్ననే చూపించుకున్నాను కదా అనుకుంటున్నాను.

నా ప్రశ్నలు ఇవి. షాపులో చేసిన పరీక్ష చాలదా? చాలకపోతే ఏ పరీక్ష చేయమని అడగాలి? "కళ్ళు చూడండి" అంటే మళ్ళీ ఆ బెలూనే చూపిస్తారేమోనని భయం. ఇంకోటి, మా అమ్మకి 70, షుగర్ వచ్చి 11 ఏళ్ళు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. "లెన్సు వేశారు, ఇక దానికేమీ కాదు" అని ఆవిడ ధీమా. నిజమేనా?

—

వైరా_కుర్రాడు రాశారు:

అక్కా, ప్రభుత్వం పెట్టిన కంటి పరీక్షల క్యాంపులు, కంటి వెలుగులో చూపించుకోలేదా మీ వాళ్ళు? రెండో విడత మన ఖమ్మంలోనే కదా మొదలుపెట్టింది, 2023 జనవరి 18న. ముగ్గురు వేరే రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూడా వచ్చారు, ఆ రోజు ట్రాఫిక్‌లో నేను మూడు గంటలు ఇరుక్కున్నా. మా ఇంట్లో అందరం క్యాంపులో చూపించుకున్నాం, నాన్నకి అద్దాలు కూడా ఇచ్చారు. అంతమంది చూశారు కదా, ఏమైనా ఉంటే చెప్పేవాళ్ళు అనుకుంటున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

—

చూపుపలక రాశారు:

అమ్మా, నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసేవాణ్ణి. పదహారేళ్ళుగా ఇదే పని. మొదటి ఏడేళ్ళు పశ్చిమ గోదావరి పల్లెల్లో చిన్న కంటి కేంద్రాల్లో చేశాను, ఇప్పుడు విజయవాడలో ఉన్నాను. డాక్టర్ని కాను, ఆ తేడా ముందే చెప్పేస్తున్నాను.

మీ అన్నయ్యగారి తలపాగా సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా ఇలాగే చెప్తారు. ఒకాయన ఒక కంటిలో శుక్లం ఆపరేషనై కట్టు కట్టాక, రెండో కన్ను ఎంత పాడైందో ఆ రాత్రి తెలుసుకున్నాడు. ఒకావిడ కాటుక పెట్టుకుంటూ ఒక కన్ను మూసినప్పుడు కనిపెట్టింది. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక కారణంతో, ఒక కన్ను మూసుకోవాల్సి వచ్చింది. రెండూ తెరిచి ఉన్నంతసేపూ ఒక కంటిలో లేనిది రెండోది ఇచ్చేస్తుంది, మిగిలిన ఖాళీని మెదడు తనకి తోచిన రంగుతో పూడ్చేస్తుంది. నల్లమచ్చ కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నలుపు ఉండదు. అక్కడ ఏమీ ఉండదు, అంతే. తలపాగా బదులు వెనకాల గోడ కనిపించి ఉంటుంది మీ అన్నయ్యగారికి.

ఇక చార్టు సంగతి. గోడ మీద అక్షరాలు చదవడమంటే రెటీనా, అంటే కంటి లోపలి తెర, నడిమధ్యన ఆవగింజంత చోటు పనిచేస్తోందా లేదా అని చూడటం. నీటికాసులు ఆ నడిమధ్య చోటుని చివరిదాకా ముట్టుకోదు, పక్కల నుంచి తినుకుంటూ వస్తుంది. కాబట్టి షాపులో వాళ్ళు మీకు అబద్ధం చెప్పలేదు, 6/6 నిజమే. కాకపోతే వాళ్ళు చూసింది చూపుని. కన్నుని కాదు.

ఏమడగాలి అన్నారు. ఈ మాట అడగండి: "మా అన్నయ్యకి గ్లాకోమా ఉంది. నాకు కంటి ప్రెజర్, కంటి నరం చూడండి." ఈ ఒక్క వాక్యంతో రిసెప్షన్ నుంచి డాక్టర్ గది దాకా మీ ఫైలు దారి మారిపోతుంది. కుటుంబంలో ఉందన్న సంగతి ఎవరూ అడక్కపోయినా మీరే చెప్పండి. సొంత తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే చాలా రెట్లు ఎక్కువ. మీ రెండో అన్నయ్యకి చీమ కనిపిస్తుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

అక్కడ ఏం జరుగుతుందో కాస్త చెప్తాను, వెళ్ళేటప్పుడు బెరుకు లేకుండా ఉంటుంది.

ప్రెజర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, రెండు రకాలుగా చూస్తారు. ఒకటి కంట్లోకి ఉఫ్‌మని గాలి ఊదే మిషన్. ఉలిక్కిపడతారు, అంతే, నొప్పేమీ ఉండదు. అందులో ఎక్కువ చూపిస్తే, లేదా మీలా కుటుంబ చరిత్ర ఉంటే, రెండో పద్ధతిలో చూడమనండి. మొద్దుబార్చే చుక్కతో పాటు పసుపు రంగు వేసి, నీలం లైటు వెలిగే చిన్న గొట్టాన్ని నల్లగుడ్డుకి సుతారంగా ఆనిస్తారు. నమ్మాల్సిన అంకె అది. 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలు అంటాం. కానీ 21 లోపే ఉంది కదా అని లేచి వచ్చేయకండి. కొందరికి ప్రెజర్ 16 ఉండి కూడా నరం దెబ్బతింటుంది. పైగా కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, పలచగా ఉన్నవాళ్ళకి మిషన్ అసలుకంటే తక్కువ చూపిస్తుంది. మందం ఎంతో కొలవడానికి అర నిమిషం పట్టదు, అడగండి.

అసలు విషయం నరం. కంటి వెనక గోడలో నరం మొదలయ్యే చోటు ఒక చిన్న పళ్ళెంలా కనిపిస్తుంది. పది, పన్నెండు లక్షల సన్నటి పోగులు అన్ని వైపుల నుంచీ వచ్చి ఆ పళ్ళెం అంచు దాటి లోపలికి దిగుతాయి. మీకు బాగా అర్థమయ్యేలా చెప్పాలంటే, బట్టలోని దారాలన్నీ ఒక కాజా గుండా వెళ్ళినట్టు. మధ్యలో సహజంగా చిన్న గుంట ఉంటుంది. పోగులు చచ్చేకొద్దీ అంచు పలచనై గుంట పెద్దదవుతుంది. పళ్ళెంతో పోలిస్తే గుంట ఎంతుందో చీటీ మీద 0.3, 0.5 అని రాస్తారు. 0.6, 0.7 దాకా వెళ్ళినా, రెండు కళ్ళకీ మధ్య 0.2 తేడా ఉన్నా మేం ఆగి మళ్ళీ చూస్తాం. పుట్టుకతోనే గుంట పెద్దగా ఉండేవాళ్ళూ ఉంటారు, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి ఇంట్లో ఏడుపులు పెట్టుకోవద్దు.

ఇది సరిగ్గా కనిపించాలంటే కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు. అంతకుముందు టార్చితోనో, మిషన్ మీదో, కంటి ముందు భాగంలో నీరు బయటికి పోయే మూల తెరుచుకుని ఉందా, ఇరుగ్గా ఉందా అని చూసుకుంటారు. ఇరుగ్గా ఉన్నవాళ్ళకి చుక్కలు వేస్తే ఒక్కసారిగా ప్రెజర్ పెరిగే ప్రమాదం ఉంది, వాళ్ళకి దారి వేరు. చుక్కలు పడ్డాక అరగంట కళ్ళు మూసుకుని కూర్చోవాలి, తర్వాత నాలుగైదు గంటలు దగ్గరవి మసకగా ఉంటాయి, ఎండ గుచ్చుకుంటుంది. ఆ రోజు బండి తోలకండి, మిషన్ మీద కూర్చోకండి, ఒకరిని తోడు తీసుకెళ్ళండి. ఖమ్మం ఎండకి నల్ల కళ్ళద్దాలు మర్చిపోతే మీరే తిట్టుకుంటారు.

తమ్ముడు అడిగిన కంటి వెలుగు గురించి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన ఆ కార్యక్రమం, ఆంధ్రలో 2019 అక్టోబర్ 10న బడిపిల్లలతో మొదలైనది, రెండూ మంచి పనులే. దగ్గరి చూపు అద్దాలు లేక పని మానేసిన నేతగాళ్ళు, వంటవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. కానీ రోజుకి వందమందిని చూడాల్సిన క్యాంపులో ప్రధానంగా చూసేది చూపు, అద్దాలు, శుక్లం. క్యాంపులో 'బాగుంది' అన్నారంటే నరం చూశారని అర్థం కాదు. అదేం కొత్త సంగతి కాదు లెండి. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు హైదరాబాద్‌లో, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పదివేల పైచిలుకు మందిని పరీక్షించారు. హైదరాబాద్‌లో గ్లాకోమా బయటపడిన పది మందిలో దాదాపు తొమ్మిది మందికి తమకది ఉందన్న సంగతే అప్పటిదాకా తెలియదు. ఊళ్ళో కాదు, నగరంలో.

అమ్మగారి విషయం. శుక్లం ఆపరేషన్ అంటే కెమెరాకి లెన్సు మార్చడం. షుగర్ పాడుచేసేది లోపలి ఫిల్ముని. ఆ రెండింటికీ సంబంధం లేదు. షుగర్ ఉన్నవాళ్ళు, చూపు ఎంత బాగున్నా, ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాల్సిందే, అదీ షుగర్ బయటపడిన రోజు నుంచే లెక్క. పదకొండేళ్ళలో ఒక్కసారీ చూపించలేదంటే మీ కంటే ముందు ఆవిడని తీసుకెళ్ళండి.

ఒక చిన్న అడుగు ఇంట్లోనే వేయొచ్చు. గోడ మీద గళ్ళ క్యాలెండర్ ఉంటుంది కదా. చదివే అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి, చేతికి అందేంత దూరం నుంచి నడిమి గడి వైపే చూడమనండి అమ్మగారిని. గీతలు వంకరపోయినా, కొన్ని గడులు మాయమైనా వారం ఆగకుండా తీసుకెళ్ళండి. గీతలు తిన్నగా ఉన్నంత మాత్రాన మానేయకండి, ఇది నడిమి భాగం చెడితేనే పట్టిస్తుంది. నీటికాసులకి ఇది పనికిరాదు.

—

సూటిమాట రాశారు:

పైన ఆయన బాగానే చెప్పారు గానీ రెండో వైపు కూడా వినండి. పోయినేడు కంట్లో నలక పడి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. నలక తీయడానికి రెండు నిమిషాలు. ఆ తర్వాత ఎవరో అమ్మాయి వచ్చి ఈ స్కాన్, ఆ స్కాన్ అంటూ ఐదు గదులు తిప్పింది. బిల్లు 3,800. రిజల్టు "అంతా నార్మల్". నలక మాత్రం వాళ్ళు తీసింది నిజమే. పేదవాడు ఏడాదికోసారి ఈ తిరుగుడు తిరిగితే కళ్ళు ఉంటాయేమో గానీ జేబులో ఏమీ ఉండదు. నలభై దాటితే అందరూ పరీక్ష చేయించుకోండి అనడం ఆసుపత్రులకి పండగే.

—

చూపుపలక రాశారు:

మీ కోపంలో న్యాయం ఉంది, దాన్ని కాదనను. నలకకి స్కాన్లు అక్కర్లేదు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి కావాల్సింది నాలుగే: చూపు, మిషన్ మీద కంటి ముందు భాగం, ప్రెజర్, చుక్కలు వేసి వెనక భాగం. ఇవి మామూలు ఫీజులోనో, కొంచెం పైనో అయిపోతాయి. నరం పోగుల మందం కొలిచే ఓసీటీ స్కాన్, పక్క చూపు ఎంతుందో చూసే ఫీల్డ్ టెస్టు అనేవి ఈ నాలుగింటిలో ఏదో అనుమానం తగిలితే చేసేవి. "ఇది నాకు ఎందుకు రాశారు, ఏం కనిపించింది?" అని అడిగే హక్కు మీకుంది. సరైన జవాబు చెప్పలేకపోతే చీటీ తీసుకుని వచ్చేయండి. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, జిల్లా ఆసుపత్రుల్లో కంటి విభాగాలు ఉన్నాయి, ఎల్.వి.ప్రసాద్ లాంటి చోట్ల డబ్బు కట్టలేని వాళ్ళకి ఉచిత విభాగం ఉంది. క్యూ పెద్దదే, పొద్దున్నే వెళ్ళాలి.

అందరూ ప్రతి ఏడూ అని నేను అనలేదు. ఏ జబ్బూ, ఏ కుటుంబ చరిత్రా లేనివాళ్ళు చత్వారం వచ్చినప్పుడు ఒక్కసారి పూర్తిగా చూపించుకుని, తర్వాత రెండు, మూడేళ్ళకోసారి వెళ్తే సరిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో నీటికాసులు ఉన్నవాళ్ళు, మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళు, ఉబ్బసానికో చర్మానికో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ వాడేవాళ్ళు, వీళ్ళ సంగతి వేరు. కళ్ళు ఎర్రబడినప్పుడల్లా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే అదొక్కటే ప్రెజర్ పెంచేస్తుంది. కళ్ళ దురదకి ఏడాది పొడుగునా అవే చుక్కలు వేసుకున్న పద్నాలుగేళ్ళ పిల్లాడిని చూశాను నేను. ఆ సీసా ఇప్పటికీ గుర్తుంది, లేబుల్ అరిగిపోయి ఉంది.

—

లెక్కలమాస్టారు_తెనాలి రాశారు:

అమ్మాయీ, మీ అమ్మగారి ధీమా చూస్తే నాకు నేనే కనిపించాను. నాకు 66. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. షుగర్ నాకు 2009లో బయటపడింది. డాక్టరు ఆ రోజే చీటీ మీద "కళ్ళు చూపించుకోవాలి" అని రాశారు. ఆ చీటీ పదేళ్ళు బీరువాలో భద్రంగా ఉంది. పేపరు చదవగలుగుతున్నాను, బోర్డు మీద చివరి బెంచీ వాడు దాచుకున్న సెల్‌ఫోను కూడా కనిపిస్తోంది, ఇంకేం కావాలి?

2019లో ఒక రోజు వృత్తం గీశాను. చేతి వాటంగా వృత్తం గీయడంలో నాకు పేరుంది, కంపాసు అవసరం లేదు. పిల్లలు నవ్వారు. నాకు గుండ్రంగానే ఉంది, వాళ్ళకి గుమ్మడికాయలా ఉందట. మర్నాడు ఎడమ కన్ను మూసి చూస్తే, కుడి కంటికి గ్రాఫు కాగితం గీతలు నీళ్ళలో పడ్డట్టు కదిలాయి. పైన ఆప్టోమెట్రిస్టుగారు చెప్పిన క్యాలెండరు పరీక్ష నేను తెలియకుండానే చేసుకున్నానన్నమాట.

రెటీనా డాక్టరు తెర మీద ఫొటో చూపించారు. నారింజ పండు రంగు నేల మీద ఎర్రటి చుక్కలు, పసుపు పచ్చని మరకలు. నడిమధ్యలో వాపు. ఇంజెక్షన్ అన్నారు, కంట్లో. ఆ మాట వినగానే నేను కుర్చీలోంచి లేచాను. తీరా చేస్తే, మొద్దుబార్చాక ఎవరో వేలితో నొక్కినట్టు అనిపించిందే తప్ప ఇంకేమీ లేదు. నెలకొకటి చొప్పున కొన్ని ఇంజెక్షన్లు, ఎడమ కంటికి లేజర్. గీతలు చాలావరకు తిన్నగా అయ్యాయి. పూర్తిగా కాలేదు, అది ఒప్పుకోవాలి. మొదటి ఏడాదే వెళ్ళి ఉంటే ఇంజెక్షన్ దాకా వచ్చేది కాదని డాక్టరు అనలేదు, నేనే లెక్క వేసుకున్నాను. లెక్కలు నా పని కదా.

ఇంకో మాట. కంట్లో ఏం చేయించుకున్నా, షుగరు, బీపీ అదుపులో లేకపోతే అది పగిలిన ఓవర్‌హెడ్ ట్యాంకు కింద బకెట్లు పెట్టడమే. అమ్మగారి మూడు నెలల సగటు పరీక్ష రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి, తప్పకుండా అడుగుతారు.

సూటిమాట గారికి: నా బీరువాలో చీటీ ఉన్న పదేళ్ళూ నాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఆ తర్వాతి ఆరు నెలల ఖర్చు ఇక్కడ రాస్తే మా ఆవిడ చదువుతుంది.

—

కుట్టుమిషన్_ఖమ్మం రాశారు:

జవాబులిచ్చిన అందరికీ దండాలు. నాలుగు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

హైదరాబాద్‌లో అన్నయ్యకి చూపించిన చోటికే వెళ్ళాం: నేను, అమ్మ, రెండో అన్నయ్య. రెండో అన్నయ్య రావడానికి ఒప్పుకోలేదు. వదిన ఒక ఉపాయం చేసింది. పొద్దున్నే కాఫీ ఇచ్చి, "ఒక కన్ను మూసుకుని గ్లాసు పట్టుకో" అంది. పట్టుకున్నాడు. ఏమీ తేడా లేదు. కానీ పట్టుకున్నాక ఎందుకో భయం పట్టుకుంది మనిషికి, బస్సెక్కాడు.

రిసెప్షన్‌లో చూపుపలక గారు చెప్పిన వాక్యం అచ్చంగా అలాగే చెప్పాను. ఆ అమ్మాయి తలెత్తి చూసి ఫైలు మీద ఎర్ర స్టిక్కరు అంటించింది. పనిచేసింది మాస్టారూ మీ మంత్రం (మీరు మాస్టారు కాదు, అయినా అలా పిలవాలనిపించింది).

నాకు ప్రెజర్ 18, 18. బాగుందనుకున్నాను. నల్లగుడ్డు మందం 495, అది పలచనట, అందుకని ఆ 18ని మరీ నమ్మడానికి లేదన్నారు. గుంట 0.5, 0.6. ఫీల్డ్ టెస్టు చేశారు. గిన్నెలాంటి మిషన్లో తలపెట్టి, నడిమి లైటు వైపే చూస్తూ, పక్కన ఎక్కడ మిణుకుమన్నా చేతిలో బటన్ నొక్కాలి. నేనేమో ఇరవై ఏళ్ళుగా మిషన్ తొక్కే మనిషిని, లైటు వెలిగినప్పుడల్లా కుడి కాలు కదులుతోంది గానీ చెయ్యి నొక్కడం మర్చిపోతోంది. మొదటి రిపోర్టు చూసి ఆ టెక్నీషియన్ కంగారు పడ్డాడు. సంగతి చెప్తే పగలబడి నవ్వి, చెప్పులు విప్పించి, కాళ్ళు మడుచుకుని కూర్చోబెట్టి మళ్ళీ చేశాడు. ఈసారి బాగానే వచ్చింది. నన్ను 'అనుమానం' అనే జాబితాలో పెట్టారు. మందు ఇప్పుడేమీ లేదు, ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. ఇవాళ తీసిన నరం ఫొటో పక్కన అప్పటి ఫొటో పెట్టి చూస్తారట.

చీమ కనిపించే అన్నయ్యకి 26, 24. ఎడమ కంటి నరం కింది అంచు పలచబడింది. చూపు ఇంకా ఏమీ పోలేదు. రాత్రి పూట ఒక చుక్క రాశారు. ఆయన అప్పటినుంచి ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు గానీ చుక్క మాత్రం ఒక్క రోజు తప్పలేదని వదిన చెప్పింది. అక్క బెంగుళూరులో చూపించుకుంది, తనకి ఏమీ లేదు. ఏడాదికోసారి రమ్మన్నారట.

అమ్మకి ఆపరేషన్ చేసిన కంట్లోనే రక్తపు చుక్కలు, నడిమి వాపు. మొదటి ఇంజెక్షన్ అయింది. లెక్కల మాస్టారి పోస్టు ముందే చదివి వినిపించాను కాబట్టి కుర్చీలోంచి లేవలేదు. కొన్నాళ్ళు కంట్లో నీళ్ళు పడకూడదు, తలస్నానం వద్దన్నారని మాత్రం డాక్టరు మీద చాలా కోపంగా ఉంది. శుక్రవారం తలస్నానం మానడం ఆవిడ జీవితంలో ఇదే మొదటిసారట.

మొత్తం ఖర్చు, బస్సు చార్జీలు కాకుండా, సూటిమాట గారు చెప్పినదానికంటే ఎక్కువే అయింది, దాయను. అమ్మ ఇంజెక్షన్‌తో పోలిస్తే నావీ అన్నయ్యవీ లెక్కలోకే రావు. మూడు జాకెట్ల ఆర్డర్లు వెనక్కిపోయాయి.

చివరగా ఒక సందేహం. ఇద్దరు అన్నయ్యల చుక్కల మందూ చల్లగా ఉంచాలన్నారు. వదిన ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెడుతోంది. మా ఊళ్ళో ఎండాకాలం కరెంటు పోతే ఎలా? పెద్దన్నయ్య యార్డుకి వెళ్ళేటప్పుడు జేబులో వేసుకెళ్ళొచ్చా?

—

చూపుపలక రాశారు:

జేబులో వద్దమ్మా. మే నెల ఖమ్మంలో చొక్కా జేబు అంటే పొయ్యి పక్కనే. రాత్రి వేసుకునే చుక్కైతే ఇంటి నుంచి కదిలించాల్సిన అవసరమే లేదు, ఫ్రిజ్ తలుపులో పెట్టండి. డీప్ ఫ్రీజర్లో మాత్రం పెట్టకండి. రెండు, మూడు గంటలు కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచండి, మందుకేమీ కాదు. మూత తీసిన రోజు తేదీ సీసా మీద పెన్నుతో రాయమనండి, నెల తిరగగానే మిగిలి ఉన్నా పారేసి కొత్తది విప్పాలి.

వేసుకునేటప్పుడు ఒక్కటే చుక్క. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే సగం మందు గొంతులోకి దిగిపోతుంది. పొద్దున వేసుకునే ఇంకో రకం చుక్క పెద్దన్నయ్యగారికి రాసి ఉంటే, ఆయనకి ఆయాసం, ఉబ్బసం ఏమైనా ఉన్నాయేమో డాక్టరుకి చెప్పారా? చెప్పకపోతే రేపే ఫోన్ చేసి చెప్పండి. యార్డులో కారం దుమ్ము పీల్చే మనిషి కదా, అందుకని అడుగుతున్నాను.